పేరు చెప్పని వేరు

మా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో... బాపమ్మ నన్ను అవ్వ మీదనే కాపలా పెట్టింది. అవ్వ అంటే మా అమ్మ, బాపు అంటే నాన్న, బాపమ్మ నాన్నకు తల్లి, అవ్వకు అత్త. వంటింటి గడపలో కూర్చుని, బాపు పడుకునే ముందు తాగే పాలల్లో అవ్వ ఏం కలుపుతోందో చూసి చెప్పడం నా పని.

బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఒకసారి గని లోపల పైకప్పు కూలి, పక్కన పనిచేస్తున్న మనిషి చనిపోయాడు. అప్పట్నుంచి బాపుకు కంటిమీద కునుకు లేదు. గిన్నె కిందపడినా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. వాడకట్టంతా అయ్యో పాపం అన్నది.

అవ్వ మంచిర్యాల అంగట్లో, జైనూర్ కొండల దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె దగ్గర ఏదో వేరు తెచ్చింది. ఎండబెట్టి, నూరి, ఆ పొడి కొంగున ముడేసుకుంది. ఏం వేరని బాపమ్మ అడిగితే, "పేరు జెప్తే గుణం పోతదట అత్తా" అంది.

అంతే... పేరు లేని వేరు, కొంగుముడి, మొగుడి పాలు! మా దిక్కు ఇంకేమనుకుంటారు? మొగుణ్ణి గుప్పిట్లో పెట్టుకోవడానికి 'మందు పెట్టింది' అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అవ్వ బువ్వ పెడితే వాసన చూసి తినేదాన్ని... ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకనాడు నేనే చెప్పాను, పాలల్లో చిటికెడు పొడి వేసిందని. మర్నాడు బాపు పనికి పోగానే బాపమ్మ ఆ కొంగుముడి విప్పించి, ఉన్న పొడంతా గిన్నెడు పాలల్లో పోసింది.

"తాగు. తాగకుంటే గిప్పుడే మీ అవ్వగారింటికి నడువు."

"నేను తాగితే గాయనకేం మిగుల్తది అత్తా?"

"సూసినవానే, తాగనంటుంది!" అంది బాపమ్మ నాతో.

అవ్వ నా వైపు ఒక్కసారి చూసి గటగటా తాగేసింది. కాసేపటికి గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే ఒరిగిపోయింది.

నాకు ఏడుపు ఆగలేదు. బాపమ్మ అవ్వ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది... ఊపిరి ఆడుతోంది. గురక కూడా! ఎండ వాకిలి దాటిపోయినా లేవలేదు. ఆ మందుకు ఏ పిచ్చి ఎత్తుతుందోనని బాపమ్మ పక్కనే కూర్చుని ఆ ముఖాన్నే చూసింది. చాలాసేపటికి గొంతు తగ్గించి అంది...

"ఇదెన్నడు పండుకున్నదే? నా కొడుకు లేసి కూసున్నప్పుడల్ల గిది సుత కూసున్నది... నేను సూడనే సూడకపోతి."

సాయంత్రం బాపు వస్తే బాపమ్మ గుమ్మంలోనే ఆపింది. "సప్పుడు జెయ్యకురా!" ఆ పూట పొయ్యి తనే ముట్టించింది.

అది వేరు గుణమో, నెలల అలసటో... నాకు ఇప్పటికీ అనుమానమే. ఇప్పుడు నిద్రమాత్రల అట్ట మీద బారెడు పేరుంటుంది, ఎవరూ ఎవర్నీ అనుమానించరు. కానీ బాపుకు నిద్ర లేదని ఊరందరికీ తెలుసు. అవ్వకు లేదని, ఆమె పక్కలోనే పడుకునే నాకు తెలియదు.

మీ ఇంట్లో అందరి తర్వాత పడుకునే మనిషి ఎవరు? ఆమె నిద్రపోతుండగా ఎప్పుడైనా చూశారా... చూసి ఉంటే నాకూ చెప్పండి.