ఎంటర్ కొట్టని పంక్తి

ఒక్క మీట నొక్కలేదు. ఆ బరువు ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, మూర్ఖుణ్ణని మీకంటే ముందే నాకు తెలుసు. మూర్ఖుణ్ణో, దుర్మార్గుణ్ణో, అదే తేలడం లేదు.

అక్క పెళ్లి శ్రీకూర్మం గుడిలో. గజపతినగరంలో మా ఇంటి ముందు నుంచి పెళ్లిరోజు పొద్దున్న ఆరింటికి బయల్దేరవలసిన చుట్టాల బస్సు నాలుగింటికే వెళ్లేలా ముందురోజు మార్చారు. నాకు కంప్యూటరు చదువు కొత్తగా ఒంటబట్టిన రోజులు. చుట్టాల నంబర్లు ఒక ఫైల్లో పంక్తికొకటి రాసి, ఒక్కో పంక్తీ చదువుతూ కబురు పంపే చిన్న ప్రోగ్రాము, స్క్రిప్టంటారే, అది రాశాను. ఆఖరి పంక్తి సాలూరులో లారీ నడిపే మా మేనమామది. అక్కను గంపలో మండపానికి మోసుకురావలసిన మనిషి. వరసకి మొదటివాడు, వరసలో ఆఖరివాడు.

ఆ పంక్తి చివర ఎంటర్ కొట్టలేదు. అలా వదిలేస్తే నా స్క్రిప్టు దాన్ని చదివి కూడా, ఫైలు అయిపోయిందనుకుని, కబురు పంపకుండా ఆ పంక్తిని మింగేసి ఆగిపోతుంది. భోజనాల్లో పంక్తి వలపక్షం పాపమంటారు. ఫైల్లో చేస్తే?

నాలుగింటికి మావ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేరుగా గుడికొస్తాడులే అన్నారు నాన్న. మావ వచ్చేసరికి గంప ఎవరో మోసేశారు.

"ఏటిరా, నన్నొగ్గేసి ఎలిపోనారా?"

"అందరికీ మెసేజీ ఎట్టాను మావా. సూసుకోనేదేటి?"

"నాకు రానేదురా."

"వచ్చే ఉంటాది. సరిగ్గా సూడు."

మావ ఫోన్ అటూ ఇటూ తిప్పాడు. "నాకే సూడ్డం సేతకానేదేటో," అన్నాడు.

కబురు వెళ్లలేదని అప్పటికి నాకు తెలియదు. నిజంగా తెలియదా? పంపిన పేర్లలో మావ పేరు లేకపోవడం ముందురోజే తెరమీద చూసినట్టుంది. చూసి ఏమనుకున్నాను? అసలేమైనా అనుకున్నానా? పెళ్లయిన వారానికి తప్పు ఎక్కడుందో దొరికింది. ఎవరికీ చెప్పలేదు. చదివి కూడా చదవనట్టు ఊరుకోవడం స్క్రిప్టుకి నేను నేర్పానో, అదే నాకు నేర్పిందో.

అప్పటినుంచి మావ ఏ శుభకార్యానికొచ్చినా పక్కవాడి చేతిలో ఫోన్ పెడతాడు: "ఏటైనా వచ్చిందేటో సూడు బాబూ, నాకు తెలీదు." నేను పక్కనున్నప్పుడు నా చేతిలోనూ పెట్టాడు. చూసిచ్చాను.

ఇప్పటికీ చుట్టాలకు కబుర్లు పంపేది ఆ స్క్రిప్టే. సరిచెయ్యడం తెలుసు; చెయ్యలేదు. దాని మీద కసి వేరేగా తీర్చుకుంటున్నాను. మావది మొదటి పంక్తి చేశాను. ఆఖర్న నా పేరు రాసి, ఎంటర్ కొట్టకుండా వదిలేస్తాను.

మింగమనండి.