ఉబ్బురొట్టెల పంతులమ్మ

మొన్న పొద్దుగాల మా పక్కింటి పంతులమ్మ కన్ను మూసింది. ఆమె బిడ్డ వచ్చి మా వాకిట్ల నిలబడి, "అక్కా, అమ్మ పోయింది" అన్నది. మిషన్ బడిల ఆమె దగ్గర అక్షరాలు దిద్దినోళ్లు మెదక్‌ల ఇంటికొకరు ఉంటరు. చదువు సంగతి వాళ్లు చెప్పుకుంటరు. నేను ఆమె వంటింట్ల నేర్చుకున్నదాన్ని.

నేను కొత్తకోడలిగ ఈ గల్లీకి వచ్చేటప్పటికే ఆమె భర్త పోయి చానా ఏండ్లైంది. ఇంట్ల తల్లీబిడ్డా ఇద్దరే. ఆదివారం చర్చి నుంచి రాంగనే పొయ్యి ముట్టించి, మిషన్ దొరసాని బంగ్లాల నేర్చుకున్న తీపిరొట్టె చేసేది. బంగ్లాల దాన్ని పాన్‌కేక్ అంటరట. దూది తీర్గ మెత్తగ, వేలెడు మందం లేచేది గనుక మేం ఉబ్బురొట్టె అంటుంటిమి.

గుడ్ల తెల్లసొన వేరే గిన్నెల తీసి, గిన్నె బోర్లిచ్చినా జారకుండ నురుగు గిలక్కొట్టేది. పచ్చసొనల పాలు, చక్కెర, మైదాపిండి, చిటికెడు తినే సోడా కలిపి, ఆఖరికి నురుగు వేసి పైపైన తిప్పేది. "మస్తు కలిపితే పిండి అలిగి కూసుంటది బిడ్డా, గడ్డలుంటే ఉండనియ్యి" అనేది. పెనం మీద బుడగలు పగిలేదాక మర్లెయ్యనిచ్చేది కాదు. మర్లేసినంక అట్లకాడతోని వత్తనిచ్చేది కాదు.

రజాకార్ల జోరు నడుస్తున్న రోజులు. ఒక ఆదివారం మేం ముగ్గురం పొయ్యి కాడుంటే వెనుక తలుపు నుంచి ఒకడు వచ్చిండు. కౌడిపల్లి దిక్కు పిలగాడు, ఒకప్పుడు ఆమె దగ్గర చదివినోడు. ఇప్పుడు నిజాం సర్కారుకు ఎదురు తిరిగినోళ్లల్ల కలిసిండు.

"పంతులమ్మా, నిన్నటి సంది ఏం తినలే" అన్నడు.

కడుపునిండ పెట్టింది. తిని, దండం పెట్టి, వెనుక నుంచే చెరువుకట్ట దిక్కు పోయిండు.

అంతల్నే ముందు తలుపు దబదబ బాదిండ్రు. రజాకార్లు. ఒకడు బిడ్డ రెక్క పట్టి గుంజిండు. "ఎటు పోయిండు? జల్దీ చెప్పు. లేకుంటే పిల్లను తోల్కపోతం."

పంతులమ్మ చెయ్యి లేపి చెరువుకట్ట దిక్కు చూపింది.

బిడ్డను ఇడిచి వాళ్లు ఉరికిండ్రు. పెనం మీద రొట్టె మాడి పొగలొస్తున్నా మేం ముగ్గురం కదలలే. సాయంత్రానికి తెలిసింది, అతన్ని కట్ట మీద పట్టుకొని కొట్టి జైలుకు తోల్కపోయిండ్రని.

ఆనాటి సంది ఆమె తలెత్తి నడవలే. చర్చిల ముందు వరుసల కూసునే మనిషి తలుపు కాడికి జరిగింది. బిడ్డ సుత తల్లి మొకం చూడలేకపోయేది, అంతా తనవల్లనే అయిందని. "ఏ తల్లైనా గంతే చేస్తది" అని నేను అంటే, "బిడ్డను కాపాడుకున్న, నిజమే. ఇంకొక తల్లి బిడ్డను చూపిచ్చిన, గదీ నిజమే. ఒకదానితోని ఇంకోటి కడుక్కోరాదు" అన్నది.

పోలీస్ చర్య అయ్యి, మిలిట్రీ వచ్చిన కొన్నాళ్లకు అతడు జైలు నుంచి వచ్చిండు. ఈసారి ముందు తలుపు నుంచే. గుర్తుపట్టలేనంత చిక్కిండు. ఆమె కూసోమని కూడ అనకుండనే చెప్పేసింది.

"నేనే చూపిన బిడ్డా."

"ఎర్కే పంతులమ్మా. కొట్టుకుంటనే వాళ్లు చెప్పిండ్రు."

ఆమె గడప మీద కూలబడ్డది. అతడు "చెల్లె మంచిగున్నదా?" అని అడిగిండు. లోపట బిడ్డ బోరున ఏడ్సింది.

పంతులమ్మ లేచి పొయ్యి ముట్టించింది. రొట్టె పెట్టుకుంట అడిగింది: "మాఫ్ చేస్తవా బిడ్డా?"

"గా మాట ఇప్పుడు అడగకుండ్రి. కడుపుల మంట ఇంక ఉన్నది. జర తిననియ్యుండ్రి."

తర్వాత కూడ అప్పుడప్పుడు వచ్చేటోడు. నిన్న సమాధి కాడికి వచ్చి మట్టి వేసిండు. మాఫ్ చేసిండో లేదో నేను అడగలే. ఎవరన్న పొగిడితే పంతులమ్మే ఈ సంగతి ముందట పెట్టేది. "నేను పోయినంక రొట్టెల ముచ్చట ఒక్కటే చెప్పకు, గదీ చెప్పు" అని నాకు ఒప్పజెప్పింది. అందుకే మీకు చెప్తున్న.

జైలు నుంచి వచ్చిన నాడు అతడు పోతపోత రొట్టె సగం తుంచి ఆమె అరచేతుల పెట్టిండు. "మీరు సుత తినుండ్రి" అన్నడు. అతడు గల్లీ మలుపు తిరిగినా ఆమె వాకిట్ల ఎండలనే నిలబడ్డది. నోట్ల పెట్టుకోలే, కింద పెట్టలే. చీమ ఒకటి మణికట్టు మీదికి ఎక్కుతున్నా ఆ చెయ్యి అట్లనే పట్టుకొని ఉన్నది.