సందు మొదట్లో అమ్మ పేరు

పేరు రాయడమంటే జనానికి ఎంత అలుసో మెత్వల్లీని అడగాలి. కైరోకి ఉత్తరాన దమన్హూర్ ఊళ్ళో రైల్వే స్టేషను వెనక ఉన్న అతని కొట్టులోకి వచ్చే ప్రతివాడూ "రెండు నిమిషాల పనేగా బాబాయ్" అంటూనే కుర్చీ లాక్కుంటాడు. ఆ రెండు నిమిషాలూ సాయంత్రం అసర్ నమాజు దాకా సాగుతాయి. పెళ్ళికొడుకు పేరుకి ముత్యాలు చాలలేదంటాడు ఒకడు. పసిబిడ్డ ఏడోరోజు వేడుకకి మిఠాయి డబ్బాల మీద పేరు కావాలంటాడు ఇంకొకడు. ఏం పేరు పెట్టారయ్యా అంటే, ఇంట్లో ఇంకా కొట్టుకుంటున్నాం, నువ్వు ముందు పువ్వులు వేసి ఉంచు అంటాడు. ఇలాంటివాళ్ళతో వేగి వేగి మెత్వల్లీకి తల ప్రాణం తోకకొచ్చింది.

అతను ఒకప్పుడు కుంచె పట్టిన మనిషి. హజ్ చేసి వచ్చినవాళ్ళ ఇంటి గోడల మీద కాబా, విమానం, ఒంటె వేసి, పక్కన యాత్రికుడి పేరు రాసేవాడు. నిచ్చెన మీదున్నవాడికి సలహా చెప్పాలంటే మెడ నొప్పెడుతుంది కనక అప్పట్లో జనం ఊరుకునేవారు. తర్వాత గోడలు పోయి ప్లాస్టిక్ బేనర్లు వచ్చాయి. ఫోటోషాప్ నేర్చుకోక తప్పింది కాదు. ఇప్పుడు ప్రతివాడూ తెర మీద వేలు పెట్టి, జిడ్డు ముద్ర వదిలి మరీ "ఇది కాస్త ఇటు జరుపు" అంటాడు. ఆ ముద్రలు తుడవడానికే తన ఆయుష్షు సగం చెల్లిపోయిందని మెత్వల్లీ ఏడుపు.

ఈ ఏడు హజ్‌కి వెళ్ళేముందు రిఫాత్ వాళ్ళమ్మ అతని కొట్టుకి వచ్చింది. సందులో ఆవిణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. మొగుడు పోయాక సంతలో కూరలమ్మి ముగ్గురు కొడుకుల్ని పెంచింది. పెద్దవాడు రిఫాత్‌కి ఇప్పుడు కార్ల విడిభాగాల దుకాణం ఉంది.

"తమ్ముడూ, నేను తిరిగొచ్చేసరికి సందు మొదట్లో బేనరు కడతారుగా. దాని మీద నా పేరు రాయి."

"రాయనా మరి! రిఫాత్ వాళ్ళమ్మ అని ఇంత లావున..."

"అది వాడి పేరయ్యా. నా పేరు రాయమంటున్నా. ఇన్షిరాహ్."

మెత్వల్లీ అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఇంటి ఆడవాళ్ళ పేరు నలుగురిలో ఎత్తడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. ఆవిడ నవ్వింది.

"పాస్‌పోర్టు కాయితాల మీద వేలిముద్ర వెయ్యనని పంతం పట్టి, పెద్దవాళ్ళ బడికి పోయి నేర్చుకున్నా. మిగతా రాతంతా నాకు చీమల బారే. ఆ ఒక్క పేరే నన్ను పలకరిస్తుంది. బస్సు దిగేసరికి అది నాకు కనపడాలి. మాటివ్వు."

"సరే అక్కా, ఇచ్చా," అన్నాడు మెత్వల్లీ. నోరు జారితే తర్వాత నెత్తి కొట్టుకోవడం అతనికి అలవాటే.

ఆవిడ విమానం ఎక్కిందో లేదో కొడుకులు ముగ్గురూ కొట్టులో దిగారు. మధ్యలో పెద్దక్షరాలతో "రిఫాత్ వాళ్ళమ్మ" అని రాయాలన్నాడు రిఫాత్. మేమేం గాలికి పుట్టామా, మా పేర్లేవీ అన్నాడు రెండోవాడు ఖైరీ. చిన్నవాడు సాబిర్ నోరెత్తకుండా నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న తన ఫోటో ఫోనుకి పంపాడు. ముగ్గురి ఫోటోలూ వేసేసరికి కాబాకి చోటు చాల్లేదు.

"కాబాని కాస్త చిన్నది చెయ్యి బాబాయ్," అన్నాడు ఖైరీ.

"అల్లా ఇంటినే చిన్నది చెయ్యమంటావురా! నీ బుగ్గలు కొంచెం తగ్గిస్తే సరిపోదూ?"

ఆ నవ్వుల్లో పడితే పని జరుగుతుందేమోనని మెత్వల్లీ అసలు సంగతి కదిపాడు. మీ అమ్మగారు తన పేరే రాయమన్నారని చెప్పాడు. రిఫాత్ మొహం ఎర్రబడింది.

"నువ్వు పెద్దవాడివి కాబట్టి ఊరుకుంటున్నా బాబాయ్. మా అమ్మ పేరు వీధిలో వేలాడదీస్తావా? చిన్నప్పుడు బళ్ళో ఎవడికో తెలిస్తే వాడి పళ్ళూడగొట్టా. రేపు టీ కొట్టు దగ్గర ప్రతి వెధవా ఆ పేరు నోట్లో వేసుకుని నమలాలా? నీ భార్య పేరు రాసి కట్టు ముందు, చూద్దాం!"

మెత్వల్లీ తెర మీది జిడ్డు ముద్ర తుడవసాగాడు. తనూ అంతే, భార్య ఫోను చేసినా కొట్టులో నలుగురుంటే "ఇంట్లోవాళ్ళు" అంటాడే తప్ప ఆవిడ పేరెత్తడు.

పోనీ ఒప్పుకుందామంటే మాటిచ్చాడాయె. ముసలావిడ బస్సు దిగి తలెత్తి చూస్తుంది, చీమల బారు తప్ప ఏమీ ఉండదు. ఆ ఊహే అతనికి మింగుడు పడలేదు. తిట్టుకుంటూనే మౌసు పట్టాడు. ఇన్షిరాహ్ అన్న పేరులో అక్షరాలను సాగదీసి, మెలిపెట్టి, ఒకదాని ఒళ్ళో ఇంకొకటి కూర్చోబెట్టి, బంగారు లతలా బేనరు చుట్టూ అల్లాడు. తన గురువు నేర్పిన విద్యంతా అందులో గుమ్మరించాడు. ఆవిడ తిరిగొచ్చే ముందురోజు కొడుకులొచ్చి చూశారు.

"ఆ తీగ అదిరింది బాబాయ్! ఇన్నాళ్ళకి మంచి పని చేశావు," అన్నాడు రిఫాత్.

మీసం లోపల నవ్వుకుని మెత్వల్లీ ఇంటికి నడిచాడు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పొట్ట పగిలేలా ఉంది. అన్నాల దగ్గర భార్య అతియాత్‌కి ఫోనులో చూపించాడు.

"పేరా? ఎక్కడ? గుమ్మడి పాదులా ఉంది."

"సరిగ్గా చూడవే. ఇదిగో, ఇక్కడ మొదలు."

"నేను ఇంటరు పాసయ్యాను. నువ్వు చెప్పినా నాకు కనపడట్లేదు. రిఫాత్ వాళ్ళమ్మకి కనపడుతుందా? పలక మీద గీసిన అక్షరాలు తప్ప ఎరగని మనిషికి నీ మెలికలు ఎవడు విప్పి చెబుతాడు? పనితనం చూపించుకోవడానికి నీకు ఆవిడే దొరికిందా!"

మెత్వల్లీ మెంతికూర గిన్నె పక్కకి తోసి లేచాడు. ఆడవాళ్ళకి కళ గురించి ఏం తెలుసని అరిచాడు, తలుపు దబ్బున వేశాడు. సందు మలుపు తిరిగేసరికి కోపమంతా తన మీదికే తిరిగింది. దొంగలకి దొరక్కూడదని సొమ్ము దాచి, సొంతదారుకి కూడా దొరక్కుండా చేశాడు. తెల్లారితే ఆవిడ వస్తోంది.

కొట్టుకి పోయి కంప్యూటరు ముందు కూర్చుని, బొమ్మలో ఒక్కో పొర పక్కనున్న కన్ను గుర్తు మూస్తూ పోయాడు. సాబిర్ కళ్ళద్దాలతో సహా మాయమయ్యాడు. ఖైరీ బుగ్గలు పోయాయి. రిఫాత్ పోయినప్పుడు ఎంత హాయిగా ఉందంటే, వెనక్కి తెచ్చి మళ్ళీ ఒకసారి మూశాడు. పావురాలు, గులాబీలు, బంగారు తీగ అన్నీ పోయాక తెల్లటి తెర మిగిలింది. ఒకటో తరగతి వాచకంలో అక్షరాల్లాంటివి ఎంచుకుని పేరు కొట్టాడు. దరిద్రం, కలిసి ఉండాల్సిన అరబీ అక్షరాలు చేతులు వదిలేసి, ఎడమ వైపు నుంచి విడివిడిగా వచ్చి నిలబడ్డాయి. ఈ సాఫ్ట్‌వేరు తయారుచేసినవాడి తాతముత్తాతల్ని తలుచుకుంటూ సెట్టింగులన్నీ తిరగేశాక అవి కుడి నుంచి వరస కట్టి కలిశాయి. రాత్రికి రాత్రే అచ్చు తీశాడు. నల్లటి అక్షరాలు, తెల్లటి బేనరు. హజ్ చేసొచ్చిన ఆడమనిషికిచ్చే బిరుదుతో, హాజ్జా ఇన్షిరాహ్. ఇంకేమీ లేదు.

పొద్దున్నే కొడుకులు కైరో విమానాశ్రయానికి వెళ్ళగానే మెత్వల్లీ నిచ్చెన వేసుకుని బేనరు కట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత నిచ్చెనెక్కితే మోకాళ్ళు మొరాయించాయి.

"నీ ఖర్మ మెత్వల్లీ," అన్నాడు టీ కొట్టు షెనూదా. "రిఫాత్ నిన్ను ఆ తాడుకే వేలాడదీస్తాడు. ముందే టీ తాగిపో, తర్వాత గొంతు దిగదు."

మధ్యాహ్నం మైక్రోబస్సు వచ్చింది. కిటికీల్లోంచి ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ వేసే సంబరపు కేకలు, హారన్లు. షర్బతు గ్లాసులు పళ్ళేల్లో సిద్ధంగా ఉన్నాయి. ముందు దూకిన రిఫాత్ తలెత్తి చూశాడు. చూసినవాడు చూసినట్టే మెత్వల్లీ మీదికి వచ్చాడు.

"ఏం పని చేశావు బాబాయ్! మా పరువు..."

"ఆగరా," అంది వెనక నుంచి తల్లి.

తెల్ల బట్టల్లో, సగానికి సగమైన మనిషి మెల్లగా దిగింది. బేనరు కింద నిలబడి వేలెత్తింది. గాలిలో ఒక్కో అక్షరాన్నీ తడుముతూ మొదటి మాట రాక వదిలేసి, రెండో మాట పట్టుకుంది. "ఇన్... షి... రాహ్." మళ్ళీ మొదట్నించి చదివింది. సందంతా వింటోంది. మెత్వల్లీ కళ్ళు తుడుచుకోబోతుండగా ఆవిడ ఇటు తిరిగింది.

"ఏం తమ్ముడూ, పువ్వులేవి?"

"ఆఁ?"

"మసీదు షేకుగారి భార్య బేనరుకి పావురాలు, గులాబీలు వేశావుగా. నాకేమో ఆసుపత్రి దుప్పటి కట్టావా?"

మెత్వల్లీ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఈ జనానికి పేర్లు రాసేకంటే గాడిదలు కాసుకోవడం నయం అన్నాడు. ఆ మాటకి సందంతా గొల్లుమంది, రిఫాత్ తప్ప. అతను తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"లోపలికి పద అమ్మా. అందరూ చూస్తున్నారు."

"పోదాం. ముందు నేను సరిగ్గా చదివానో లేదో చెప్పు. చదువుకున్నవాడివి, చదివి వినిపించు."

"సరిగ్గానే చదివావమ్మా."

"నువ్వు చదువు నాయనా."

రిఫాత్ నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినపళ్ళేదురా. విమానంలో చెవులు మూసుకుపోయాయి."

తమ్ముళ్ళిద్దరూ బస్సు దగ్గరే ఆగిపోయారు. షెనూదా చేతిలో కెటిల్ గాల్లోనే ఉంది. రిఫాత్ తల్లి మొహంలోకి చూశాడు. ఎండకి కమిలింది, పెదాలు పగిలి ఉన్నాయి. ఆవిడ అతని నోటి వంకే చూస్తోంది. అతను తలెత్తి, సందు చివరిదాకా వినపడేట్టు చదివాడు.

"ఇన్షిరాహ్!"

"ఆఁ," అని పలికింది ఆవిడ.