కారులో వెళ్ళి కొలిచిన నడక

2022 ఏప్రిల్‌లో నన్ను మా సంస్థ ఢిల్లీ ప్రధాన కార్యాలయంలో ట్రావెల్ డెస్క్‌కి మార్చారు. హోదా డిప్యూటీ మేనేజర్, పరిపాలన విభాగం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉంది. ఆ వయసువాళ్ళను ఎవరికీ పెద్దగా నష్టం చేయలేని కుర్చీలో కూర్చోబెట్టడం ఆఫీసుల్లో మామూలే. వేరే రాష్ట్రాల్లోని మా ప్లాంట్ల నుంచి శిక్షణకో, ఇంటర్వ్యూకో వచ్చే ఉద్యోగులకు హోటళ్లు చూసిపెట్టడం నా పని. ఎవరెక్కడ దిగాలో నేనే చెప్పేవాణ్ణి కనుక ఆఫీసులో ఉన్న నలుగురైదుగురు తెలుగువాళ్ళు నన్ను ‘దిగుమతి అధికారి’ అనేవారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నాకు దక్కిన ఏకైక బిరుదు అదే కాబట్టి నేనూ కాదనలేదు.

చూసేవాళ్ళకు ఇది ఫోన్లో అయిపోయే పనిలా ఉంటుంది. కానీ పై గ్రేడులవారికి టాక్సీ అర్హత ఉంటుంది, కింది గ్రేడులవారికి మెట్రో, బస్సు మాత్రమే. వాళ్ళ గది అద్దె పరిమితిలో ఆఫీసుకు దగ్గరగా వెతికితే కిటికీ లేని గది దొరుకుతుంది. దూరంగా వెతికితే గది బాగుంటుంది, ఆఫీసు చేరేసరికి మనిషి బాగుండడు. ఈ రెంటికీ మధ్య, రైలు మారే అవసరం లేకుండా, మా ఆఫీసు మీదుగా పోయే మెట్రో బ్లూ లైన్ పొడవునా వెతికేవాళ్ళం. పడమట జనక్‌పురి మా ఇల్లున్న పేట గనుక అక్కడి సందులు నాకు తెలుసు. తూర్పున యమున దాటాక లక్ష్మీ నగర్ నుంచి ఘాజియాబాద్ సరిహద్దు దాకా హోటళ్లు చవక. జాబితాలో ఎక్కువ భాగం అటువైపువే.

ఒక హోటల్‌ను జాబితాలో చేర్చాలంటే తనిఖీ చేసి రెండు పేజీల ఫారం నింపాలి. గీజరు, దుప్పట్లు, అగ్నిమాపక ఏర్పాట్లు, ఆడవాళ్ళకు భద్రత, ఇలా అన్నీ అయ్యాక చివరి గడి ‘సమీప మెట్రో స్టేషన్ నుంచి నడక దూరం’. తనిఖీకి వెళ్ళాల్సింది నా హోదా అధికారి. నా హోదాకు ఆఫీసు కారు అర్హత ఉంది. ఆ కారు తిన్నగా హోటల్ గుమ్మం ముందు ఆగేది. మేనేజరు టీ ఇప్పించి, మెట్రో ఎంత దూరమని అడిగితే, “బస్, సామ్‌నే హీ హై సర్, పాంచ్ మినట్” అనేవాడు, ఎదురుగానే, అయిదు నిమిషాలని. కిటికీలోంచి చూస్తే నిజంగానే స్టేషన్ కనబడేది. ఫోన్లో మ్యాపు చూసి మీటర్లు కూడా రాసి సంతకం పెట్టేవాణ్ణి. మా డ్రైవరు సత్‌బీర్‌ది రోహ్తక్. మాటకు మొహమాటం లేదు. “సాబ్, గాడీ మే బైఠ్ కే పైదల్ నాపోగే?” అన్నాడొకసారి. కార్లో కూర్చుని నడక కొలుస్తారా అని. నవ్వాను. అది హాస్యమే అనుకున్నాను.

ఆ జులైలో పదోన్నతి ఇంటర్వ్యూలు పెట్టారు. వర్కర్ కేడర్ నుంచి అధికారి కేడర్‌కి వెళ్ళే ఇంటర్వ్యూలు అవి, మా సంస్థలో అన్నిటికన్నా ఎత్తయిన మెట్టు. కోస్తాలోని మా ప్లాంటు నుంచి సువర్చల అనే ల్యాబ్ అసిస్టెంటు వస్తోంది. నలభై అయిదేళ్లు దాటితే అర్హత పోతుంది. ఆమెకు ఆ డిసెంబరుకు దాటుతుంది. అంటే ఇదే ఆఖరిసారి. చిన్నప్పుడు పోలియో సోకిన కుడికాలు, మోచేతి కర్ర సాయంతో నడక. ఆ సంగతి దరఖాస్తులోనే ఉంది. ఫోన్ చేసి, “మెట్రోకి దగ్గరుండే హోటల్ ఇప్పించండి సార్, అదొక్కటే అడుగుతున్నానండి” అంది. నేను ధీమాగా జాబితాలో తక్కువ మీటర్లున్న హోటల్ ఇచ్చాను. స్టేషన్ పేరు చెప్పను. తప్పు స్టేషన్‌ది కాదు.

ముందురోజు రాత్రి ఆమె రైలు దిగి ఆటోలో హోటల్ చేరింది. ఇంటర్వ్యూకి హాజరు వేయించుకోవలసింది తొమ్మిదిన్నరకు. తొమ్మిదికి నా ఫోన్ మోగింది.

“సార్, స్టేషన్ ఎదురుగానే ఉందండి. కనబడతానే ఉంది. వెళ్ళడానికే దారి లేదండి.”

హోటల్ వైపు గేటుకు మెట్లు మాత్రమే ఉన్నాయి. లిఫ్టు రోడ్డుకు అవతలి గేటు దగ్గరుంది. మధ్యలో ఆరు వరుసల రోడ్డు, డివైడరు మీద ఇనుప కంచె. దాటాలంటే సిగ్నల్ దాకా నడిచి, మళ్ళీ అంతదూరం వెనక్కి రావాలి. ఆమె ఎనిమిదింబావుకే బయల్దేరింది. మెట్ల దగ్గర కాసేపు ప్రయత్నించి, జనం తోసుకుపోతుంటే దిగి, వానలో సిగ్నల్ దాకా నడిచి, రోడ్డు దాటి మాట్లాడుతోంది. ఆటోలు ఆగలేదట.

కారు పంపిస్తానన్నాను.

“మీ కారొచ్చేసరికి నేనే వస్తానండి. ఐదు నిమిషాలన్నారు కదా, మీ ఐదు నిమిషాలు ఇప్పటికి నలభై అయిదయ్యాయి” అంది. కోపంగా కూడా అనలేదు. ఆయాసపడుతూ అంది.

ఆమె ఆఫీసు చేరేసరికి పది దాటి అయిదు నిమిషాలు. చీర అంచు మోకాలిదాకా తడిసింది. ఫైలు మాత్రం ప్లాస్టిక్ సంచిలో పొడిగా ఉంది. హాజరు పట్టీ అప్పటికే మూసేశారు. గడువు దాటితే గైర్హాజరు, సమయం మార్చమని అడగడానికి వీల్లేదు. అది పిలుపు ఉత్తరంలోనే ఉంటుంది. ఇంటర్వ్యూ బోర్డుకి కార్యదర్శి మెహతా సాబ్, పర్సనెల్ విభాగం సీనియర్ మేనేజరు. నిబంధన తప్పనివాడు, మనిషి చెడ్డవాడు కాడు. తలుపు వేసి హిందీలో నాతో చెప్పింది ఇది: వాన, ట్రాఫిక్ కారణాలు కావు, అవి అందరికీ ఉన్నాయి. ఆలస్యం సంస్థ పొరపాటు వల్ల జరిగిందని సంబంధిత అధికారి రాసిస్తే, ఛైర్మన్ ఆమెను చివర్లో పిలిచే వీలుంది. “లేకిన్ సోచ్ లీజియే, ఆలోచించుకోండి. కాగితం మీ పర్సనల్ ఫైల్లోకి వెళ్తుంది.”

నా పేరు కూడా ఆ ఏడాది మేనేజరు పదోన్నతి జాబితాలో ఉంది. నాకూ అదే ఆఖరిది. ఆ సంగతి ఆయనకు తెలుసు కనుకే తలుపు వేశాడు.

వెంటనే రాశానని చెబితే బాగుంటుంది. నిజానికి ముందు కారిడార్లో రెండుసార్లు తిరిగాను. ‘సమాచార లోపం’ అని రాస్తే ఎవరి లోపమో తెలియకుండా పోతుందని ఒక ఆలోచన. ఆఫీసు భాషలో అలాంటి వాక్యాలు బోలెడు. వాటిలో పనులన్నీ జరుగుతాయి, చేసినవాడు మాత్రం ఉండడు. కారిడారు చివర బెంచీ మీద సువర్చల చీర కొంగుతో కర్ర పిడి తుడుచుకుంటూ కూర్చుంది. నన్ను చూసి, “నా పేరు కొట్టేశారాండీ?” అని మాత్రం అడిగింది. ఇంకా లేదన్నాను.

వెళ్ళి రాశాను. ‘సదరు హోటల్‌కు మెట్రో నడక దూరాన్ని నేను ధ్రువీకరించాను. నేను నడవలేదు. కారులో వెళ్ళాను. అభ్యర్థి అంగవైకల్యం తెలిసి కూడా లిఫ్టు ఎటువైపుందో చూడలేదు. ఆలస్యానికి కారణం నా ధ్రువీకరణ.’ ఇన్నేళ్లూ పని నడిపించాననుకున్నవాడికి, నడవలేదని రాయడానికి ఐదు వాక్యాలు సరిపోయాయి. మెహతా సాబ్ చదివి, కళ్ళద్దాలు తీసి, “అచ్ఛా” అన్నాడు. కాగితం పట్టుకుని ఛైర్మన్ గదివైపు వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆమెను పిలిచారు. ఇరవై నిమిషాలు లోపల ఉంది. బయటికొచ్చి, నీటి పరీక్షల గురించి అడిగారని, అన్నీ చెప్పానని, ఒకదానికి మాత్రం తడబడ్డానని చెప్పింది. ఆగస్టులో వచ్చిన ఎంపిక జాబితాలో ఆమె పేరుంది. నాకు సెప్టెంబరులో మెమో వచ్చింది, పదోన్నతి రాలేదు. రెండూ న్యాయమే.

ఇంటర్వ్యూ అయిన ఆ సాయంత్రం మాత్రం ఆమెతో పాటు ఆ హోటల్‌కి మెట్రోలో వెళ్ళాను. లిఫ్టు దిగి, సిగ్నల్ దాకా వెళ్ళి, తిరిగి రావడానికి మాకు నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. దారిలో ఫుట్‌పాత్ రెండుచోట్ల లేదు. మూడోచోట ఉంది, దానిమీద మోటారు సైకిళ్లు ఉన్నాయి. “ఇవన్నీ రాసుకోండి సార్” అంది. రాసుకున్నాను.

తర్వాత రెండు నెలలు జాబితాలోని పందొమ్మిది హోటళ్లకూ మెట్రోలోనే వెళ్ళాను, చేతిలో బట్టల పెట్టెతో. సత్‌బీర్ సంతోషంగా సెలవు తీసుకున్నాడు. ఎనిమిది హోటళ్లు తీసేశాం. రెండు గల్లీల లోపల, మ్యాపులో దూరంగా కనబడినవి రెండు చేర్చాం. వాటికి దారి సమంగా ఉంది, లిఫ్టు ఇటువైపే ఉంది. ఫారంలో చివరి గడిని నాలుగు చేశాం: ఏ గేటు, లిఫ్టు ఎటువైపు, రోడ్డు ఎక్కడ దాటాలి, వాన పడితే నీళ్ళు నిలుస్తాయా. కింద, ‘తనిఖీ అధికారి మెట్రోలో వచ్చినట్లు టికెట్టు జతచేయవలెను’ అని ఒక వరుస.

చవకలో మంచి గది వెతికేవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మీటర్లు చూడకండి, ఈ నాలుగూ హోటల్‌కి ఫోన్ చేసి అడగండి అంటాను. జవాబు తడుముకుంటే ఇంకో హోటల్ చూసుకోమంటాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. ఒక వసతి ఎవరి కోసమో, వాళ్ళు వచ్చే దారినే తనిఖీ అధికారి కూడా రావాలి. అలా రాలేనివాడు సంతకం పెట్టకూడదు.