సైమన్ గారు ఇచ్చేసిన ఉద్యోగాలు

మా ఆఫీసు టవర్లో కింద కూర్చునే సెక్యూరిటీ సైమన్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఇంటర్వ్యూ ముగించుకుని లిఫ్టులోంచి ఎవరు బయటికొచ్చినా, వాళ్ళ మెడలోని విజిటర్ పాస్ వెనక్కి తీసుకుంటూ "మీకు ఉద్యోగం వచ్చేసినట్టేనండి" అనేస్తారు. బాగా చేసినవాళ్ళకూ అదే మాట, ఏడుపు ఆపుకుంటూ వచ్చినవాళ్ళకూ అదే మాట. ఒకసారి ఏసీ బాగుచేయడానికొచ్చిన మెకానిక్కుకి కూడా చెప్పేశారు. పాపం అతను నిచ్చెన భుజాన పెట్టుకుని పది నిమిషాలు అక్కడే నిలబడ్డాడు, ఏ ఉద్యోగమో చెబుతారేమోనని.

దీనివల్ల నలిగిపోయేది నేను. నా పేరు రేఖ. ఏడో అంతస్తులో హెచ్ఆర్. వచ్చిన వాళ్ళలో నూటికి తొంభై మందికి 'రాలేదు' అని చెప్పడమే నా కొలువు. ఏడో అంతస్తులో నేను లేదన్న ఉద్యోగాన్ని కింది అంతస్తులో ఆయన ఇచ్చేస్తుంటే నా ఫోన్ ఆగకుండా మోగేది.

"అదేంది మేడమ్, వచ్చేసిందని సార్ చెప్పిండు గద!"

"ఏ సార్?"

"నీలం యూనిఫాం సార్."

ఒకరోజు తెగించి కిందికి దిగాను. "సైమన్ గారూ, ఇయ్యాల పన్నెండు మంది వచ్చిండ్రు. మేం తీసుకునేది ఒక్కరిని. మీరేమో పన్నెండు మందికీ ఉద్యోగాలిచ్చి పంపిండ్రు."

"పదమూడండి. ఒకాయన అడ్రసు తప్పొచ్చారండి. పక్క టవర్‌కి వెళ్ళాల్సినాయన. రాకరాక వచ్చారు కదాని ఆయనకీ చెప్పానండి."

"మీకెట్ల తెలుస్తది?"

"ముఖం చూస్తే తెలిసిపోద్దండి."

"మరి ఇందాక ఏడ్చుకుంట పోయిన అమ్మాయి సంగతేంది?"

"ఆ అమ్మాయి కళ్ళల్లో మంచి పట్టుదలుందండి. తడిగా ఉండటం వల్ల మీకు కనపడలేదు."

ఇంక వాదించి లాభం లేదని పైకి వచ్చేశాను. మా టీములో రాకేశ్ అని ఒకడున్నాడు. వాడికి లెక్క తేలందే నిద్ర పట్టదు. మూడు నెలల పాటు సైమన్ గారు ఎంత మందికి చెప్పారో, అందులో ఎంత మందికి నిజంగా వచ్చిందో షీటు తయారుచేసి, రంగులు వేసి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాడు. నూట నలభై మందికి తొమ్మిది మంది. ఆయన సిగ్గుపడతాడని రాకేశ్ ఆశ. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "తొమ్మిది మందా! చూశారా అండి, ఎంత మందో!" అని సంబరపడి, ఆ కాగితం తనకివ్వమని అడిగారు.

సైమన్ గారిది బాపట్ల వైపు. మదీనాగూడలో ఉంటారు. భార్య సెలీనా నర్సు. ఆయన మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికొచ్చి ఆవిడ ఓసారి నాతో మొరపెట్టుకుంది. "మా బాల్కనీలో టమాటా మొక్కకి కూడా రోజూ చెబుతారండి, కాయలు కాసేసినట్టే అని. రెండేళ్ళయిందండి. దానికింకా పువ్వే రాలేదు."

"మరి మీరేమంటరు?"

"నేనేమంటానండి, నీళ్ళు పోస్తున్నాను."

అలా నవ్వుకుంటూ రోజులు గడిచిపోయేవే. నితీష్ అనే కుర్రాడు వచ్చేదాకా.

నితీష్‌ది జగిత్యాల, ఉండేది ఇక్కడే హాస్టల్లో. ఇంటర్వ్యూ అయ్యాక కిందికి రాగానే సైమన్ గారు తన మాట తను అన్నారు. ఆ అబ్బాయి గేటు దాటకముందే తల్లికి ఫోన్ చేశాడు. ఆమె సాయంత్రంలోగా గల్లీ మొత్తానికి మిఠాయిలు పంచింది. మర్నాడు పొద్దున్న 'రాలేదు' అని నా మెయిల్ వెళ్ళింది, షరా మామూలుగా.

గంటలో లాబీలోకి వచ్చిపడ్డాడు. "మా అమ్మ గల్లీ గల్లీ తిరిగి పంచింది! ఇప్పుడు నేనేం జెప్పాలె? ఎవలు జెప్పమన్నరు నీకు?"

సైమన్ గారు లేచి నిలబడ్డారు. "తప్పయిపోయిందండి" అన్నారు. ఆ అబ్బాయి వినలేదు. అక్కడే కూర్చుని రెండు పేజీల కంప్లైంటు రాసిచ్చి పోయాడు.

మా బిల్డింగు వ్యవహారాలన్నీ చూసే మేనేజర్ సాయిచంద్ గారు రూలు తప్పితే లిఫ్టును కూడా మందలించే రకం. సైమన్ గారిని నిలబెట్టి చెప్పారు. "ఇగ ఇప్పటి సంది ఈ టవర్ల ఇంటర్వ్యూ వాళ్ళతోని గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట మాట్లాడినవనుకో, ఆ కుర్చీల వేరే మనిషుంటడు. అర్థమైందా?"

"అర్థమైపోయినట్టేనండి."

ఆయన మాట తప్పలేదు. పెదవులు బిగించుకుని కూర్చున్నారు. పాస్ తీసుకుంటూ "గుడ్ మార్నింగండి" అనేవారు. సాయంత్రం నాలుగింటికీ గుడ్ మార్నింగే. ఒకమ్మాయి నాకు ఫోన్ చేసి, "మేడమ్, సెక్యూరిటీ అంకుల్ పోయేటప్పుడు గుడ్ మార్నింగ్ అన్నడు. అంటే రేపు పొద్దున రమ్మనా?" అని అడిగింది.

నా ఫోన్లు తగ్గిపోయాయి. నిజానికి నేను సంతోషించాలి. కానీ ఒక మధ్యాహ్నం కిందికి దిగినప్పుడు, మొదటి రౌండులోనే నేను కాదని పంపినవాళ్ళు పాసులు బల్ల మీద పెట్టి తలెత్తకుండా వెళ్ళిపోవడం చూశాను. సైమన్ గారు ఒక్కో పాసూ తీసి తుడిచి పెట్టుకుంటున్నారు. నాలుగేళ్ళుగా కాదని చెబుతున్నాను. చెప్పిన తర్వాత ఆ ముఖాలు ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ పూట కాఫీ చేదుగా అనిపించింది. మెషీన్ మీద కంప్లైంటు రాశాను గానీ, తప్పు మెషీన్‌ది కాదు.

మరో వారానికి, అలాగే కాదనిపించుకున్న ప్రియాంక అనే అమ్మాయి సర్టిఫికెట్ల ఫైలు మా గదిలోనే మరిచిపోయి వెళ్ళింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనే ఫైలు పట్టుకుని పరిగెత్తాను. సైమన్ గారి కుర్చీ ఖాళీ. అది ఆయన టీ తాగే వేళ. టవర్ వెనక రోడ్డు మీద చాయ్ బండి దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, నీలం, ఖాకీ, నలుపు రంగుల యూనిఫాముల్లో చుట్టుపక్కల టవర్ల సెక్యూరిటీలు, సైమన్ గారితో కలిపి ఐదుగురు. వాళ్ళ మధ్యలో చాయ్ గ్లాసు పట్టుకుని మా ప్రియాంక.

ఖాకీ డ్రెస్సులో ఉన్న పెద్దాయన పేరు వీరేశం. ఆయన ఆ అమ్మాయికి చెబుతున్నాడు. "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్సినవా బిడ్డా? మా టవర్ల గురువారం ఇంటర్వ్యూలున్నయ్. కుర్చీలు ఏసేది మేమే, బోర్డు పెట్టేది మేమే. తొమ్మిది గొట్టంగనే వస్తవా, లైన్ల ముందు నిలబెడత."

"అది కాకపోతే మా సెలీనా తమ్ముడు ఇశ్రాయేలు కోకాపేటలో డ్యూటీ చేస్తున్నాడమ్మా," అన్నారు సైమన్ గారు. "అక్కడ ఏదో ఒకటి ఉంటానే ఉంటుంది."

పక్కనే ఇంకొకడు నిలబడి నవ్వుతున్నాడు. నితీష్! మెడలో వేరే కంపెనీ కార్డు.

"నువ్వేంది ఈడ?" అన్నాను.

"వీరేశం తాత వాళ్ళ టవర్లనే అక్కా నా జాబ్. నేను కంప్లైంటిచ్చిన పొద్దే సైమనన్న ఫోన్ జేసి, రేపు అక్కడికి పో అన్నడు. కోపంతోనే పోయిన. వచ్చింది."

నేను సైమన్ గారి వైపు తిరిగాను. "మిమ్మల్ని మాట్లాడొద్దన్నరు గద?"

"టవర్లో మాట్లాడొద్దన్నారండి. ఇది రోడ్డండి."

"మరి ఇన్ని దినాలు అందరికీ అబద్ధమెందుకు జెప్పిండ్రు?"

"అబద్ధమేంటండి? ఉద్యోగం వచ్చేసినట్టే అన్నాను గానీ, మీ కంపెనీలో అని ఎప్పుడైనా అన్నానా అండి?"

ఐదుగురు సెక్యూరిటీలూ పడీ పడీ నవ్వారు. వీరేశం నాకు చాయ్ ఇప్పించి అసలు సంగతి చెప్పాడు. "పదకొండేండ్ల కింద ఈయన కొత్తగ వచ్చి పనికోసం నలభై దినాలు తిరిగిండమ్మా. ఏ గేటుకాడ చూసినా పో పో అన్నోళ్ళే. మొకం జూడలేక, పని దొరికినట్టే తమ్మీ అని నేను ఉట్టిగనే అన్న. నాకేం ఎరుక?"

"అని ఊరుకోలేదండి ఈయన," అన్నారు సైమన్ గారు. "నోటితో అనేశారు కదా, ఇక నాలుగు ఆఫీసులకి ఫోన్లు. మూడో రోజున నాకు డ్యూటీ వచ్చిందండి. నేనూ అదే నేర్చుకున్నాను. ముందు అనేస్తాను, తర్వాత పరిగెత్తుతానండి."

ఆ సాయంత్రమే నితీష్‌ని వెంటబెట్టుకుని సాయిచంద్ గారి గదికి వెళ్ళాను. కంప్లైంటు వాపస్ తీసుకుంటానన్నాడు. వాపస్ తీసుకోవడానికి ఫారం లేదన్నారు సాయిచంద్ గారు. అయితే రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి లాబీలో కూర్చుంటానన్నాడు నితీష్. ఫారం పుట్టింది. "మాట్లాడమను. గని జర క్లియర్‌గ మాట్లాడమను," అని సంతకం పెట్టారు.

అందుకని సైమన్ గారిప్పుడు క్లియర్‌గానే చెబుతున్నారు. "మీకు ఉద్యోగం వచ్చేసినట్టేనండి. ఎక్కడ అనేదొక్కటే తేలాలండి." నేను కూడా మెయిల్ పంపి ఊరుకోవడం మానేసి, కాదన్నవాళ్ళతో పాటు లిఫ్టులో కిందిదాకా వస్తున్నాను. ఏడు అంతస్తులు దిగేలోపు మాట్లాడటానికి ఏమీ తోచక మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. ఇప్పుడు ఊరూ పేరూ అడుగుతున్నాను.

మొన్న అలాగే ఒకరిని దింపడానికి వచ్చినప్పుడు సాయిచంద్ గారు ఎదురయ్యారు. కొత్త తెల్ల చొక్కా, మెరిసే బూట్లు, చంకలో ఫైలు.

"పంటి డాక్టర్ కాడికి పోతున్న. గంటల వస్త," అన్నారు ఎవరూ అడక్కముందే.

సైమన్ గారు లేచి సెల్యూట్ కొట్టి, దగ్గరికెళ్ళి, ఆయన చొక్కా జేబు కింద నిలువునా అంటుకుని ఉన్న సైజు స్టిక్కరును మెల్లగా ఊడదీశారు. తర్వాత గొంతు తగ్గించి, "ఏ టవరండి?" అని అడిగారు.

సాయిచంద్ గారు నా వైపు చూశారు. నేను పక్కనున్న పూలకుండీలో ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"కోకాపేట," అన్నారాయన లోగొంతుకతో.

ఆయన కారెక్కేలోపే సైమన్ గారు ఫోన్ చెవిన పెట్టుకుని గోడవైపు తిరిగారు. "ఇశ్రాయేలూ, తెల్ల చొక్కా సార్ ఒకాయన వస్తున్నారయ్యా. రాగానే మంచినీళ్ళియ్యి. పైకి గట్టిగా కనపడతారు గానీ, లోపల బాగా కంగారు మనిషి."