లంకలో పరంగి రాణి

ఐర్లండ్‌లోని గాల్వేలో వైద్య పరికరాలు తయారుచేసే మా ఫ్యాక్టరీలో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఇంజనీరు ఒక థాయ్ అమ్మాయి. భోజనాల వేళ తమ పాత కావ్యకథలు చెప్పేది. వాళ్ళ భాషలో తెల్లవాళ్ళని ‘ఫరంగ్’ అంటారని విని నేను ఉలిక్కిపడ్డాను. మా అమ్మమ్మ వాళ్ళని పరంగులనే అనేది.

“మీకూ ఉందా ఆ మాట!” అంది ఆమె.

“మనుషులకే కాదు, వాళ్ళు గుండ్లు పేల్చేదానికీ ఉంది. ఫిరంగి అంటాం.”

“మాకైతే జామకాయ కూడా ఫరంగే!” అని పడీపడీ నవ్వింది.

ఈ కబుర్లు మా ఇద్దరి మధ్యే ఉండిపోకూడదనిపించింది. ఊరి లైబ్రరీలో పుస్తకాల సభలు జరుగుతాయి. అక్కడ మాట్లాడమని బతిమాలి ఒప్పించాను.

శనివారం మధ్యాహ్నం కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆమె లేచి నిలబడింది గానీ నోరు పెగల్లేదు.

“ముందు మీ భాషలో పాడు. ఇంగ్లీషు అదే వస్తుంది. ఇక్కడివాళ్ళు అన్నట్టు అంతా గ్రాండ్, ఏమీ కాదు” అన్నాను ముందు వరసలోంచి.

కళ్ళు మూసుకుని ఒక పాత పద్యం రాగం తీసింది. ఆ తర్వాత ఇక మాట తడబడలేదు.

ఆ పద్యం ఉన్న కావ్యంలో లంకను ఏలేది రాక్షసుడు కాదు, ఒక పరంగి రాణి. అందగత్తె, వెనక ఓడల బలగం. లంక తెల్లవాళ్ళ చేతికి పోయిందన్న సంగతి తెలిసిన కవి ఆ బెదురునే కథగా అల్లాడు. అయినా ఆమెను చంపించలేదు. కథానాయకుడితో ప్రేమలో పడేసి, సంధి కుదిర్చాడు. తర్వాతి కాలపు నవలల్లోనేమో వాళ్ళ రాజధాని నదిలోకి పరంగుల యుద్ధనౌకలు వస్తాయి, అంతఃపురంలో ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి ఆ కబురు వింటారు.

“మా దేశాన్ని తెల్లవాళ్ళెవరూ ఏలలేదు. కానీ సరిహద్దుల్లో నేల వదులుకుని నిలబడ్డాం. ఆ భయం మా పుస్తకాల నిండా ఉంది” అంది.

రిటైరైన ఐరిష్ మాస్టారొకాయన చెయ్యెత్తాడు. “మరి మేము? మేమూ ఫరంగులమేనా?”

ఆయన నొచ్చుకున్నాడేమోనని నేను ఆమె వైపు చూశాను. ఆమె మాత్రం చిరునవ్వు నవ్వింది.

“మొహం చూస్తే ఫరంగే సార్. కానీ పరాయి ఓడలు మీ రేవుల్లోకీ వచ్చాయి కదా. ఆ కథలు చదివేటప్పుడు మీరు మా ఒడ్డునే కూర్చుంటారు.”

ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వెంటనే హాలంతా లేచింది. నేనైతే చేతులు మండేదాకా కొట్టాను.

లైబ్రరీ ఆవిడ పరుగున వచ్చి, వచ్చే నెల మళ్ళీ మాట్లాడతారా అని అడిగింది.

“ఒక్క సభ చాలదు, రెండు కావాలి” అంది నా స్నేహితురాలు.