పదిహేడు మంచి అంకెలు

మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. నాలుగు సాంచాలకు నూనె పెట్టాను. మా అన్న బిడ్డ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

మా సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. వాటి మీదే నా బతుకు. బడికి పోలేదు, పాత పేపర్లు కూడబలుక్కుని చదవడం, రాయడం నేర్చుకున్నాను. అప్పటి నుంచి రోజూ పుస్తకంలో నాలుగు ముక్కలు రాస్తాను: వారం, వాన, ఎండ, చేసిన పని. పదకొండో ఏట ఆ పిల్లకు షుగర్ వచ్చాక దాని అంకె కూడా అందులో చేరింది. వాళ్ల బాపు దుబాయ్‌లో, తల్లి కోరుట్లలో. తను జగిత్యాల హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. పొద్దున ఏడింటికి నేను ఫోన్ చేస్తే షుగర్ మిషన్‌లో చూసి అంకె చెప్పేది. నేను రాసుకుని అన్నకు పంపేవాణ్ణి.

అంకె బాగుంటే "శభాష్" అనేవాణ్ణి. ఎక్కువుంటే "ఏం తిన్నవ్ బిడ్డా?" అనేవాణ్ణి. ఎనిమిదేళ్లలో అంతకు మించి మాట్లాడిన గుర్తు లేదు. నాకు మాటలు రావు.

దానికి వచ్చు. "చిన్నబాపూ, నువ్వు నాకు ఫోన్ జేస్తలేవు, మిషన్‌కు జేస్తున్నవ్" అని నవ్వేది. ఒకసారి, "కరెంటు పోతే నీ సాంచాలన్న ఆగుతయ్. నా సూదికి సెలవే లేదు" అన్నది. నేనూ నవ్వాను.

మేడిపల్లిలో పెళ్లికి పోయినప్పుడు, బంతిలో ఒకామె అడిగింది: "ముసలోల్ల రోగం గీ పోరికి ఎట్లొచ్చిందే?"

"నాకు జర తొందరెక్కువ అత్తా" అన్నది ఇది. అందరూ నవ్వారు. కాసేపటికి చూస్తే విస్తరి ముందు లేదు. బయట ఆటోలో, సూదుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సూది వేసుకోలేదు, తినలేదు. "పోదామా?" అన్నాను. "పోదాం" అన్నది.

పోయిన ఎండాకాలం దాన్ని చూపించడానికి తీసుకుపోతే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అంకెలు సరే. పిల్ల మనసెట్లుందో అడుగుతున్నరా? ఈ వయసుల రోజూ ఇది మోసుడంటే అలిసిపోతరు" అన్నది. పుస్తకంలో రాసుకున్నాను: మనసు అడగాలి. మర్నాడు ఏడింటికి అడిగాను.

"మనసెట్లుంది బిడ్డా?"

నవ్వింది. "మంచిగనే ఉంది. రాస్కో."

రాసుకున్నాను. పక్కన టిక్కు పెట్టాను. అయిపోయిన పనికి టిక్కు పెట్టడం నా అలవాటు. మళ్లీ అడగలేదు.

హాస్టల్లో వాంతులై పడిపోతే ఆస్పత్రికి తీసుకుపోయారు. రెండో రోజు పోయింది. తర్వాత దాని సంచి నాకిచ్చారు. షుగర్ చూసే మిషన్ పాత అంకెలను దాచుకుంటుంది. పుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. చివరి పదిహేడు రోజులకు మిషన్‌లో ఏమీ లేదు. నా పుస్తకంలో పదిహేడు అంకెలున్నాయి. నూట ముప్పై రెండు. నూట నలభై. నూట ఇరవై ఎనిమిది. అన్నీ శభాష్ అన్నవే.

దాని గదిలో ఉండే అమ్మాయి చెప్పింది: "ఇగ నాతోని అయితలేదని ఏడ్సేది అంకుల్. సూది ఒకపూట ఏసుకుంటే రెండు పూటలు ఏసుకోకపోయేది. ఇంట్ల చెప్పవే అంటే, 'వద్దే, మా చిన్నబాపు పుస్తకం ఖరాబైతది' అనేది."

అన్న దుబాయ్ నుంచి వచ్చి, నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "మొన్నటిదాక నూట ముప్పై అని పంపినవ్ గదరా తమ్మీ?"

ఇలాంటి పిల్లలున్న వాళ్లు ఇది చదివితే, వాళ్లకు చెప్పేంతటి వాణ్ణి కాను. ఒక్క సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. ఫోన్ పెట్టేసే ముందు ఆ పిల్ల రోజూ నన్ను అడిగేది: "నువ్వు తిన్నవా చిన్నబాపూ?" అంకె ఎట్లున్నా అడిగేది. నా బాగు అంతగా అడిగిన మనిషి ఇంకొకరు లేరు. రాత్రి పుస్తకాలన్నీ తిరగేశాను. ఎనిమిదేళ్లలో ఆ మాట ఒక్క రోజు కూడా రాసుకోలేదు.

బుధవారం. ముసురు ఆగింది. సాంచాలకు నూనె పెట్టాను. ఏడింటికి